వారంటీ ముగిసేలోగా అప్‌గ్రేడ్: అనంతపురంలో ఒక ఇంటి డెస్క్‌టాప్ కేస్ స్టడీ

మెషీను 2022 అక్టోబరు 10న అనంతపురంలోనే ఒక డీలర్ దగ్గర కొన్న బ్రాండెడ్ డెస్క్‌టాప్. ఇంటెల్ కోర్ ఐ3-10100 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్4 మెమరీ ఒకే స్టిక్, 1 టీబీ హార్డ్‌డిస్క్, 180 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె), విండోస్ 10, మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ. ఇంటాయన స్కూలు టీచరు. మార్కుల షీట్లు, ఆన్‌లైన్ పనులు ఆయనవి. అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది, ఫోను యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వాడాలి. 2025 ఆగస్టులో వచ్చిన ఫిర్యాదు అందరూ చెప్పేదే: ‘స్లో అయిపోయింది’. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ కనపడడానికి నాలుగు నిమిషాలు, ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే మౌస్ కూడా కదలదు. ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు కంటే చాలా వేగంగా నడిచే డిస్కు) వేయాలి, మెమరీ పెంచాలి, వీలైతే గ్రాఫిక్స్ కార్డు పెట్టాలి అన్నది వాళ్ల కోరిక.

ఇంటాయన మొదటి ప్రశ్న మాత్రం వేరే: “ఏమప్పా, మూత తీస్తే వారంటీ పోతాదంట కదా?”

మెకానిక్ జవాబు: “పోదు సార్. కానీ ఇంకా వారంటీ ఉంది కాబట్టి ముందు దాంతో చేయించుకోవాల్సింది ఏమన్నా ఉందేమో చూద్దాం. కొత్త పార్టులు ఆ తర్వాత కొందాం.”

ఈ కేసులో పని సజావుగా జరగడానికి కారణం ఆ వరుసే. మామూలుగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఎస్‌ఎస్‌డీ కొంటారు, పాత హార్డ్‌డిస్కు తీసి అటక మీద పెడతారు. ఆ డిస్కు పాడైందనీ, వారంటీలో కొత్తది వచ్చేదనీ ఎవరూ చూడరు.

వారంటీ తేదీ

కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొడితే వారంటీ 2025 జులైలోనే ముగిసినట్టు చూపించింది. బిల్లు ప్రకారం 2025 అక్టోబరు 9 వరకు ఉండాలి. ఇది చాలా ఇళ్లలో కనపడే తేడా. కంపెనీ డేటాబేస్‌లో వారంటీ సాధారణంగా మెషీను గోడౌను నుంచి బయలుదేరిన తేదీతో మొదలవుతుంది. డీలర్ దగ్గర మూడు నెలలు నిల్వ ఉన్న సరుకైతే, కొన్న మనిషికి ఆ మూడు నెలలూ కోత పడతాయి. కొనుగోలు తేదీ, సీరియల్ నంబరు, డీలర్ జీఎస్‌టీ నంబరు ఉన్న బిల్లు కాపీని కంపెనీ సపోర్టు పేజీలో అప్‌లోడ్ చేస్తే తేదీ సరిచేస్తారు. ఇక్కడా అలాగే సరిచేశారు. ఈ పని కొన్న వారంలోనే చేసుకోవడం మంచిది. మూడేళ్ల తర్వాత బిల్లు దొరకడమే కష్టం. దొరికినా, థర్మల్ కాగితం మీద కొట్టిన బిల్లు మన ఎండలకు బీరువాలో ఉండి కూడా తెల్లబడిపోతుంది. ఈ ఇంట్లో బిల్లు ఏ4 కాగితం మీద లేజర్ ప్రింటు కావడం అదృష్టం. థర్మల్ బిల్లు ఇస్తే ఆ రోజే ఫొటో తీసి పెట్టుకోవాలి.

అసలు జబ్బు డిస్కులో ఉంది

మూత తీయకుండా చేసిన మొదటి పరీక్ష క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో. డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ లెక్కలను ఇది చూపిస్తుంది. ముఖ్యంగా చూడాల్సినవి మూడు. 05 నంబరు వరుసలో, పాడై పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్కులో డేటా రాసే చిన్న గదులు). సీ5లో, చదవడానికి మొరాయిస్తూ తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్లు. సీ6లో, ఇక చదవలేమని డిస్కు చేతులెత్తేసినవి. ఈ డిస్కులో 05 దగ్గర 48, సీ5 దగ్గర 18 అని ఉంది. ఇక్కడ చాలామంది పొరపడతారు. ఆ సాఫ్ట్‌వేర్ ఈ అంకెలను మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే పద్ధతిలో, చూపిస్తుంది. అంటే 48 అన్నది నిజానికి 72, 18 అన్నది 24. సెట్టింగ్స్‌లో దశాంశ పద్ధతికి మార్చుకుంటే సరిపోతుంది.

72 సెక్టార్లు పోవడం ఒక్కటే అయితే డిస్కు కొంతకాలం లాగుతుంది. 24 సెక్టార్లు పెండింగులో ఉండటమే స్లో అవడానికి అసలు కారణం. విండోస్ ఆ చోటికి వెళ్లిన ప్రతిసారీ డిస్కు అదే సెక్టారును మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తూ క్షణాల తరబడి ఆగిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్కు వాడకం 100 శాతం, చదివే వేగం మాత్రం సెకనుకు ఒక ఎంబీ కూడా లేదు. 4 జీబీ మెమరీ చాలక విండోస్ పేజీ ఫైలు (మెమరీలో పట్టనిది దాచే ఫైలు) కోసం అదే డిస్కు మీద పడుతుంది కాబట్టి బాధ రెట్టింపు.

ఈ దశలో మొదట చేయాల్సింది డేటా బయటికి తీయడం. పరీక్షలు తర్వాత. డిస్కు మొత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చదివే పొడుగాటి పరీక్ష, లేదా చెక్‌డిస్క్‌ను /ఆర్ స్విచ్‌తో నడపడం, చావుబతుకుల్లో ఉన్న డిస్కును ఇంకా అలసటకు గురిచేస్తాయి. డేటా ఉండగా ఆ రెండూ వద్దు. కాపీకి విండోస్‌లోనే ఉండే రోబోకాపీ కమాండు వాడారు. మామూలు కాపీ పేస్టులో ఒక్క ఫైలు చదవలేకపోతే పని మధ్యలో ఆగి అడుగుతూ కూర్చుంటుంది. రోబోకాపీని కూడా ఏమీ చెప్పకుండా వదిలితే పాడైన ఫైలు దగ్గర 10 లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. అందుకే /ఆర్:1 /డబ్ల్యూ:1 అని చేర్చాలి. ఒక్కసారి చూసి, ఒక్క సెకను ఆగి, రాకపోతే ముందుకు పోతుంది. లాగ్ ఫైలు పెట్టుకుంటే రానివి ఏవో తర్వాత తెలుస్తుంది. ముందు ఫొటోలు, స్కూలు ఫైళ్లు, అమ్మాయి ప్రాజెక్టులు. సినిమాలు ఆఖరున.

డేటా చేతికొచ్చాకే వారంటీ క్లెయిం కోసం కంపెనీ సొంత డయాగ్నస్టిక్స్ నడిపారు. బయటి సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌షాట్ పంపితే చాలా కంపెనీల కాల్ సెంటర్లు ఒప్పుకోవు. వాళ్లకు వాళ్ల పరీక్ష ఇచ్చే ఎర్రర్ కోడ్ కావాలి. ఈ పరీక్ష విండోస్‌తో సంబంధం లేకుండా ఆన్ చేసేటప్పుడే నడుస్తుంది. డెల్‌లో ఎఫ్12 మెనూలో ఉంటుంది, హెచ్‌పీలో ఎఫ్2 నొక్కితే వస్తుంది. క్విక్ టెస్ట్‌లో పాసైన డిస్కు ఎక్స్‌టెండెడ్ టెస్ట్‌లో ఫెయిల్ కావడం మామూలే, ఇక్కడా అదే జరిగింది. 1 టీబీ డిస్కుకు ఎక్స్‌టెండెడ్ టెస్ట్ రెండు మూడు గంటలు పడుతుంది. ఫెయిల్ అని కోడ్ పడగానే ఫోనుతో ఫొటో తీసి ఉంచాలి. రీస్టార్ట్ అయితే కొన్ని మోడళ్లలో ఆ స్క్రీను మళ్లీ దొరకదు.

ఇంజనీరు వచ్చినప్పుడు

కాల్ రిజిస్టరయ్యాక రెండు పనిదినాల్లో ఇంజనీరు డిస్కుతో వచ్చాడు. అప్పటిదాకా మెషీనులో కొత్త పార్టు ఒక్కటీ వేయలేదు. కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే చూపించడం వల్ల అనవసర వాదన ఉండదు.

అతను డిస్కు ముట్టుకునే ముందు టార్చి వేసి లోపలంతా చూశాడు. అందరూ చూస్తారు, అది వాళ్ల పని. వాళ్లు వెతికేవి కాలిన మచ్చలు, తడి జాడలు, తుప్పు, పురుగులు, విరిగిన పిన్నులు. ఈ మెషీను వెనక ఉన్న పోర్టుల లోహపు రేకు మీద తెల్లటి పొడి లాంటి మచ్చలు కనపడ్డాయి. కారణం గదిలోనే ఉంది: ఎయిర్ కూలరు. ఏప్రిల్, మే నెలల్లో కూలరు గాలి నేరుగా సీపీయూ వెనక తగిలేలా టేబుల్ వేశారు. కూలరు నుంచి వచ్చేది తడి గాలి. దాంతోపాటు మన బోరు నీళ్లలోని ఉప్పు కూడా సన్నటి తుంపరగా వస్తుంది. అది ఆరితే మిగిలేది ఆ తెల్లటి పొడి. డిస్కు లోపలి భాగం కాబట్టి క్లెయిం ఆగలేదు. అదే మదర్‌బోర్డు ఫిర్యాదు అయి ఉంటే ‘లిక్విడ్ డ్యామేజ్’ అని రాసి వెళ్లిపోయే అవకాశం గట్టిగా ఉండేది. రాయలసీమ ఇళ్లలో మదర్‌బోర్డు వారంటీ తిరస్కరణకు గురయ్యే దారుల్లో ఇదొకటి, దీని గురించి ఎవరూ హెచ్చరించరు. టేబుల్ ఆ రోజే పక్క గోడకు మార్చారు.

పాత డిస్కు ఇంజనీరు పట్టుకెళ్లాడు. వారంటీలో మార్చిన పార్టు కంపెనీ సొత్తు అవుతుంది. అందులో మిగిలిన ఫొటోలు, బ్యాంకు కాగితాలు కూడా దాంతోనే పోతాయి. డిస్కు ఇంకా పలుకుతుంటే ఇచ్చేముందు తుడిచేయాలి. పాడైన డిస్కు మన దగ్గరే ఉంచుకునే సౌకర్యం కొన్ని కంపెనీలు కొనేటప్పుడే విడిగా అమ్ముతాయి, ఇంటి మెషీన్లకు దాన్ని తీసుకునేవాళ్లు తక్కువ. ఇంజనీరు ఇచ్చే సర్వీస్ రిపోర్టులో పాత డిస్కు, కొత్త డిస్కు సీరియల్ నంబర్లు రెండూ ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టాలి. వచ్చే డిస్కు రీఫర్బిష్డ్ (బాగుచేసిన పాతది) కావచ్చు, షరతుల్లో అది రాసే ఉంటుంది. దాని వారంటీ సాధారణంగా మెషీనుకు మిగిలిన కాలమే. కొన్ని కంపెనీలు కనీసం 90 రోజులు ఇస్తాయి.

వారంటీలో ఏముంది, ఏం లేదు

మూత తీస్తే వారంటీ పోతుందన్న మాట ఎక్కడ పుట్టిందంటే, షాపుల వాళ్లు అసెంబుల్ చేసిన సీపీయూకు అంటించే స్టిక్కర్ల దగ్గర. ఆ స్టిక్కరు షాపు తన సర్వీసుకు పెట్టుకున్న గుర్తు. బ్రాండెడ్ డెస్క్‌టాపుల్లో మెమరీ, డిస్కు, ఎం.2 ఎస్‌ఎస్‌డీ (బోర్డులోని స్లాటులో నేరుగా గుచ్చే రకం) వినియోగదారుడే మార్చుకోదగ్గ భాగాలని చాలా కంపెనీలు తమ మాన్యువల్‌లోనే బొమ్మలతో చూపిస్తాయి. వాటిని మార్చడానికి మూత తీయడం వల్ల వారంటీ పోదు. తీసేటప్పుడు స్క్రూడ్రైవరు జారి బోర్డు గీసుకుంటే ఆ బోర్డుకు వారంటీ ఉండదు. ఈ రెండింటి మధ్య తేడా ఇంటాయనకు మాన్యువల్ పేజీ తెరిచి చూపించాకే పని మొదలైంది. మీ మోడలు మాన్యువల్‌లో ఆ భాగం లేకపోతే ముందు సపోర్టుకు మెయిల్ రాసి, జవాబు దాచుకుని తెరవండి. ఫోనులో చెప్పిన మాట రేపు సాక్ష్యానికి నిలవదు.

‘కంపెనీ వారంటీ రద్దు చేయడానికి వీల్లేదు, చట్టం ఉంది’ అని యూట్యూబ్ చూసి వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వీడియోల్లో చెప్పేది 1975 నాటి అమెరికా చట్టం, ఇక్కడ చెల్లదు. మనకున్నది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. సర్వీస్ సెంటరు కాదంటే కారణం రాతపూర్వకంగా అడగాలి, జాబ్ షీటు కాపీ తీసుకోవాలి, లోపలి భాగాల ఫొటోలు అక్కడే తీసుకోవాలి. తర్వాత 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, ముంబైలో ఉన్నా ఫిర్యాదు మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి.

అప్‌గ్రేడ్ తర్వాత ఒకే పెట్టెలో మూడు నాలుగు వారంటీలు ఉంటాయి, ఇది మనసులో పెట్టుకోవాలి. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ఎస్‌ఎంపీఎస్ మెషీను కంపెనీవి. కొత్త ఎస్‌ఎస్‌డీ దాని తయారీదారుది, కొత్త మెమరీ ఇంకొకరిది. మెషీను కంపెనీ ఇంజనీరు కొత్త మెమరీని చూసి ‘ఇది తీసేసి పాతది పెట్టి చూపించండి’ అంటే అది న్యాయమైన కోరికే. అందుకే పాత 4 జీబీ స్టిక్కును యాంటీ స్టాటిక్ కవరులో వేసి, అక్టోబరు 9 దాటేదాకా తీయొద్దని చెప్పి ఇచ్చారు. ఎవరి వారంటీలోనూ లేనివి: డేటా, పిడుగు, వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల కాలడం, బల్లి దూరి షార్ట్ కావడం.

ఎర్తింగ్

కొత్త పార్టులు కొనకముందే ప్లగ్గు పాయింటు కొలవాలి. ఈ ఇంట్లో చెప్పులు లేకుండా క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతుందని అమ్మాయి చెప్పింది. ఏళ్లుగా అంతేనట. అది ఎస్‌ఎంపీఎస్ లోపం కాదు. ఎస్‌ఎంపీఎస్ లోపలికి వచ్చే దారిలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్యలో క్యాబినెట్‌ను కలిపి ఉంచుతాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కొద్దిపాటి లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ మీద సప్లైలో సగం, అంటే 110 వోల్టుల దాకా మీటరులో కనపడుతుంది. కరెంటు చాలా స్వల్పం కాబట్టి మనిషికి జివ్వుమంటుంది, అంతే. కానీ అదే స్థితిలో హెచ్‌డీఎంఐ కేబుల్ టీవీకో, లాన్ కేబుల్ రూటరుకో తగిలించే క్షణంలో పోర్టు పోవచ్చు. అలా పోయిన పోర్టుకు వారంటీ రాదు.

మల్టీమీటరు పెడితే ఫేజు, న్యూట్రల్ మధ్య 230. ఫేజు, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి, కానీ అంకె నిలకడగా లేదు, పైకీ కిందికీ ఊగుతోంది. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఇక్కడ ఎక్కువ ఉంది. ఎర్త్ గుంత కాంపౌండు మూలన ఉంది, దాని మీద సిమెంటు గచ్చు పోసేశారు. ఉప్పు, బొగ్గు వేసిన గుంతకు తడి లేకపోతే భూమితో సంబంధం తెగినట్టే. అనంతపురం లాంటి వాన తక్కువ చోట అది సహజంగా తడవడం అరుదు. ఎలక్ట్రీషియను గచ్చు పగలగొట్టి, క్లాంపు తుప్పు గీకి బిగించి, గుంతలో పైపు ఉంచి నీళ్లు పోసే వీలు చేశాడు. మళ్లీ కొలిస్తే న్యూట్రల్, ఎర్త్ మధ్య 2 వోల్టుల లోపు. ఎండాకాలంలో వారానికోసారి అందులో బిందెడు నీళ్లు పోయాలని ఇంట్లో చెప్పారు. ఇది ఎలక్ట్రీషియను పని. కంప్యూటరు మెకానిక్కు చేయాల్సింది కొలిచి చెప్పడం వరకే.

ఏం కొన్నారు, ఎందుకు

మెమరీ: 8 జీబీ స్టిక్కులు రెండు, డీడీఆర్4. ఐ3-10100 గరిష్ఠంగా 2666 వేగంతోనే మెమరీ నడుపుతుంది. 3200 స్టిక్కు వేసినా అది 2666కే దిగి నడుస్తుంది, నష్టం లేదు. ఉన్న 4 జీబీకి 8 కలిపితే 12 అవుతుంది కదా అని ఇంటాయన అడిగారు. పనిచేస్తుంది. అప్పుడు మొదటి 8 జీబీ రెండు ఛానెళ్లలో (ప్రాసెసరుకు, మెమరీకి మధ్య డేటా నడిచే దారులు), మిగతా 4 ఒకే ఛానెల్‌లో నడుస్తుంది. ఖర్చు బిగువుగా ఉంటే అది తప్పేమీ కాదు. ఇక్కడ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఇదే మెమరీని వాడుకుంటుంది, ఆండ్రాయిడ్ ఎమ్యులేటరు (కంప్యూటరులోనే నడిచే నకిలీ ఫోను) నడవాలి కాబట్టి 16 తీసుకున్నారు. ఒక ఛానెల్‌లో సెకనుకు 21.3 జీబీ వెళ్తే, రెండు సమాన స్టిక్కులతో 42.6 జీబీ వెళ్తుంది.

డిస్కు: 500 జీబీ ఎన్‌వీఎంఈ (ఎం.2 స్లాటులో పట్టే వేగవంతమైన రకం) ఎస్‌ఎస్‌డీ. వారంటీ 5 ఏళ్లు లేదా 300 టీబీడబ్ల్యూ, ఏది ముందైతే అది. టీబీడబ్ల్యూ అంటే ఎన్ని టెరాబైట్లు రాసేవరకు హామీ అన్న లెక్క. రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి 7.3, ఐదేళ్లకు 36.5 టెరాబైట్లు. ఇంటి వాడకంలో ఆ హద్దు తాకడం జరగదు. కాబట్టి చూసుకోవాల్సింది ఏళ్లు. ఇదే ధరకు దగ్గరలో మూడేళ్ల వారంటీ ఉన్నవీ దొరుకుతాయి, పెట్టె మీద చదవకపోతే తెలియదు.

ఎక్కడ కొనాలన్నది ఇక్కడివాళ్లకు ఎప్పుడూ ఉండే ప్రశ్న. అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు, కర్నూలు వాళ్లు సికింద్రాబాద్ సీటీసీకి, కడప వాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి తెచ్చుకోవడం అలవాటు. ధర తక్కువ ఉండొచ్చు. కానీ మెమరీ స్టిక్కు నాలుగో రోజు మొరాయిస్తే బస్సు ఛార్జీలు ఆ లాభాన్ని తినేస్తాయి. మెమరీ, ఎస్‌ఎస్‌డీ లాంటి చిన్న వస్తువులు ఊళ్లోనే, వారంలోపు మార్చి ఇస్తానని బిల్లు మీద రాసే డీలర్ దగ్గర కొనడం మంచిదని మా గట్టి అభిప్రాయం.

పెట్టె తెరవకముందే దాని మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, కస్టమర్ కేర్ వివరాలున్న లేబుల్ చూడాలి. ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం అవి ఉండి తీరాలి. లేకపోతే అది వేరే దేశం కోసం తయారైన సరుకు కావచ్చు, వారంటీ ఇక్కడ ఇవ్వరు. సీరియల్ నంబరును తయారీదారు సైటులో షాపులోనే కొట్టి చూడాలి. అదే నంబరు బిల్లు మీద రాయించుకోవాలి.

బిగింపు

కరెంటు ప్లగ్గు తీసి, పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టి, మిగిలిన చార్జి దించారు. మన పొడి గాలిలో స్టాటిక్ బాధ ఎక్కువ. నైలాన్ తివాచీ మీద, పాలిస్టర్ చొక్కాతో పని చేయకూడదు. రిస్ట్ స్ట్రాప్ క్లిప్పు క్యాబినెట్ రంగు లేని లోహానికి తగిలించాలి. దుమ్ము వరండాలో బ్లోయరుతో ఊదారు. ఫ్యాను రెక్కలు వేలితో పట్టుకోకుండా ఊదితే ఫ్యాను జోరుగా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరు గొట్టం స్టాటిక్ పుట్టిస్తుంది, వద్దు. ప్రాసెసర్ హీట్‌సింకు మాత్రం విప్పలేదు. లోడు పెట్టి కొలిస్తే 78 డిగ్రీలు, ఈ ప్రాసెసర్ హద్దు 100. వారంటీలో ఉన్న మెషీనుకు అవసరం లేని చోట పేస్టు మార్చడం చేతులారా సమస్య తెచ్చుకోవడమే.

మెమరీ స్టిక్కు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర అందరికీ అలవాటు. ఆ బంగారు పూత చాలా పలచన. గీతలు పడితే వారంటీలో ఒప్పుకోకపోవచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క, మెత్తటి బట్ట చాలు. రెండు వైపులా క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాలి. మెమరీ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే తెర కాసేపు నల్లగానే ఉంటుంది. బోర్డు కొత్త స్టిక్కులకు సర్దుకుంటోంది. ఒక నిమిషమైనా ఆగకుండా స్విచ్ ఆపేసి భయపడేవాళ్లే ఎక్కువ. తర్వాత రాత్రంతా మెమ్‌టెస్ట్86 నాలుగు పాసులు నడిపారు, ఒక్క ఎర్రరూ లేదు. ఈ పరీక్ష డీలర్ గడువు లోపల చేయడంలోనే లాభం.

ఎం.2 స్లాటు బోర్డులో ఉంది, కానీ ఎస్‌ఎస్‌డీని బిగించే ఎం2 సైజు (2 మి.మీ.) స్క్రూ, దాని కింద నిలబెట్టే చిన్న ఇత్తడి దిమ్మె లేవు. బ్రాండెడ్ మెషీన్లలో ఇది మామూలే. దొరక్క టేపు అంటించడం, పెద్ద స్క్రూ దూర్చడం జరుగుతుంటాయి. టేపు వేడికి ఊడుతుంది, పెద్ద స్క్రూ బోర్డు చీలుస్తుంది. లాప్‌టాప్ రిపేరు షాపులో ఆ సెట్టు దొరుకుతుంది. ఎస్‌ఎస్‌డీని కొద్దిగా వాలుగా దూర్చి, పడుకోబెట్టి, స్క్రూ వేలి బిగువుకు ఆపాలి. దాని మీది స్టిక్కరు ఎట్టి పరిస్థితిలోనూ పీకకూడదు. సీరియల్ నంబరు ఉన్నది దాని మీదే. అది లేని ఎస్‌ఎస్‌డీకి వారంటీ అడగలేం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగుస్తుండటంతో క్లోనింగ్ (పాత డిస్కును ఉన్నదున్నట్టు కాపీ చేయడం) వద్దనుకుని విండోస్ 11 కొత్తగా వేశారు. 10వ తరం ప్రాసెసర్ కాబట్టి అర్హత ఉంది. బయాస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగులు) సెక్యూర్ బూట్, ఇంటెల్ పీటీటీ (రహస్య కీలను దాచే టీపీఎం సౌకర్యం) ఆన్ చేయడమే మిగిలింది. స్టోరేజీ మోడు రెయిడ్ అని ఉంటే ఇన్‌స్టలేషన్‌లో ఎస్‌ఎస్‌డీ కనపడకపోవచ్చు. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చారు. లైసెన్సు కీ బోర్డులోనే ఉంటుంది, డిస్కు మారినా దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

విండోస్ వేసేటప్పుడు వారంటీలో వచ్చిన 1 టీబీ డిస్కు కేబుల్ పీకి ఉంచారు. ఇది మరిచిపోకూడదు. రెండు డిస్కులూ తగిలించి ఉంటే విండోస్ ఎస్‌ఎస్‌డీ మీద పడినా, బూట్ ఫైళ్లు ఒక్కోసారి హార్డ్‌డిస్కులోని ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో (బూట్ కోసం కేటాయించిన చిన్న భాగం) చేరతాయి. ఏడాది తర్వాత ఆ హార్డ్‌డిస్కు తీసిన రోజున ఎస్‌ఎస్‌డీ బాగానే ఉన్నా మెషీను లేవదు. పని ముగిశాక హార్డ్‌డిస్కు తగిలించి, దాన్ని బ్యాకప్‌కు కేటాయించారు.

మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయితే విండోస్ 11 డిస్కును తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేయవచ్చు. మంచిదే, వారంటీలో ఎస్‌ఎస్‌డీ ఇచ్చేయాల్సి వచ్చినా డేటా ఎవరూ చదవలేరు. కానీ వారంటీలో మదర్‌బోర్డు మారిస్తే టీపీఎం కూడా మారి, తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది అకౌంటులో ఉంటుంది, ఆ అకౌంటు పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండదు. అందుకని కీ కాగితం మీద ప్రింటు తీసి బిల్లుల ఫైలులో పెట్టించారు. బోర్డు మార్చిన ఇంజనీరు పాత సీరియల్ నంబరును కొత్త బోర్డు బయాస్‌లో రాశాడో లేదో కూడా చూసుకోవాలి. రాయకపోతే తర్వాతి కాల్‌లో ఈ మెషీను మాది కాదంటారు.

పని అయ్యాక డెస్క్‌టాప్ 20 సెకన్లకు అటూ ఇటూ వస్తోంది. ఎమ్యులేటరు, బ్రౌజరు కలిపి తెరిచినా 16 జీబీలో ఇంకా చోటు మిగులుతోంది.

గ్రాఫిక్స్ కార్డు

పెట్టలేదు. ఈ ఎస్‌ఎంపీఎస్ మొత్తం 180 వాట్లు. విడి కరెంటు వైరు అవసరం లేని చిన్న కార్డు కూడా స్లాటు నుంచి 75 వాట్ల దాకా లాగుతుంది. ప్రాసెసర్ రేటింగు 65 వాట్లే అయినా కాసేపు అంతకు మించి తాగుతుంది. బోర్డు, రెండు డిస్కులు, ఫ్యాన్లు కలిపితే ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఎస్‌ఎంపీఎస్‌ను అంచు మీద నడిపినట్టే. పెద్దది మారుద్దామంటే ఈ మోడలులో ఎస్‌ఎంపీఎస్ ఆకారం, బోర్డుకు వెళ్లే కనెక్టరు రెండూ కంపెనీ సొంతం, బజారులో దొరికే మామూలు ఏటీఎక్స్ (అందరూ వాడే ప్రామాణిక సైజు) పట్టదు. కన్వర్టర్ కేబుళ్లు అమ్ముతారు. వాటితో బోర్డు కాలితే వారంటీ ఉండదు. ఆండ్రాయిడ్ స్టూడియోకు కార్డు అక్కర్లేదు. అమ్మాయికి ముందుముందు త్రీడీ డిజైనో, మెషీన్ లెర్నింగో అవసరమైతే ఈ పెట్టెకు కార్డు వెతకడం దండగ. మామూలు ఏటీఎక్స్ క్యాబినెట్‌తో వేరే మెషీను కట్టించుకుని, ఈ ఎస్‌ఎస్‌డీని అందులోకి మార్చుకోవచ్చు. దాని వారంటీ 2030 సెప్టెంబరు దాకా దాని సొంత బిల్లుతోనే నడుస్తుంది. విండోస్ లైసెన్సు మాత్రం పాత బోర్డుతోనే ఉండిపోతుంది, కొత్త మెషీనుకు వేరేది కొనాలి.